కుర్చీల లెక్క సరే, కొలతల మాటేమిటి?

సూరత్: ప్రపంచంలో సానపట్టే వజ్రాలలో పదింట తొమ్మిది ఈ నగరం చేతుల మీదుగానే వెళతాయని వర్తకుల అంచనా. ఇక్కడి కార్ఖానాలలో కారట్‌లో నూరో వంతు వరకు తూచనిదే రాయి చేతులు మారదు. నేతలో పన్నా అంగుళం తగ్గితే వర్తకుడు సరుకు తిరగ్గొడతాడు. ఇంతటి కొలతల నగరంలో సైతం, నడవలేని మనిషికి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే చక్రాల కుర్చీ చాలా సందర్భాలలో అతని నడుము వెడల్పు, తొడ పొడవు ఎంతో చూడకుండానే చేతికి వస్తున్నది. ఇది సూరత్‌కు మాత్రమే పరిమితమైన లోపం కాదు. దేశమంతటా అనుసరిస్తున్న పంపిణీ విధానమే అటువంటిది.

సూరత్‌కు దక్షిణంగా ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న నవసారిలో 2016 సెప్టెంబరు 17న జరిగిన భారీ శిబిరం ఈ విధానానికి పరాకాష్ఠ. ప్రధాని నరేంద్ర మోడీ తన పుట్టినరోజున స్వయంగా హాజరైన ఆ సభలో 11 వేల మందికి పైగా వికలాంగులకు ఉపకరణాలు అందజేశారు. చక్రాల కుర్చీలలో కూర్చున్న వారితో ఒక ఆకృతిని రూపొందించి గిన్నిస్ పుస్తకానికి ఎక్కించారని ఆనాటి వార్తలు తెలిపాయి. మరుసటి ఏడాది జూన్‌లో రాజ్‌కోట్‌లో ఇంకా పెద్ద శిబిరం జరిగింది. ఈ సభల వలన వేలాది పేద కుటుంబాలకు మేలు జరిగిన మాటను ఎవరూ కాదనలేరు. అంతకు ముందు నేల మీద పాకుతూ బతికినవారికి ఏ కుర్చీ అయినా ఒక వరమే. కాగా, ఎన్ని కుర్చీలు పంచారన్న సంఖ్య మాత్రమే పత్రికలకు అందింది. ఆ కుర్చీలలో ఎన్ని ఏడాది తరువాత కూడా వాడుకలో ఉన్నాయన్న సంఖ్యను ఎవరూ అడగలేదు.

కేంద్ర ప్రభుత్వం 1981లో ప్రారంభించిన ఏడిప్ పథకమే ఈ పంపిణీకంతటికీ మూలం. 1972లో కాన్పూరులో నెలకొల్పిన కృత్రిమ అవయవాల తయారీ సంస్థ అలిమ్‌కో ఉపకరణాలలో అధికభాగం సరఫరా చేస్తున్నది. వృద్ధుల కోసం 2017 ఏప్రిల్ 1న నెల్లూరు జిల్లాలో ఆరంభించిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద కూడా ఇదే సంస్థ చక్రాల కుర్చీలు ఇస్తున్నది. నిజానికి పంపిణీ సభకు ముందు ఒక పరీక్షా శిబిరం జరుగుతుంది. అయితే అక్కడ ప్రధానంగా తేలేది అర్హత. వైకల్యం 40 శాతానికి తగ్గలేదని ధ్రువపత్రం ఉన్నదా, ఆదాయం పరిమితికి లోబడి ఉన్నదా, ఇవ్వవలసినది కుర్చీయా, మూడు చక్రాల బండియా, ఊతకర్రలా అన్నవి నిర్ణయమవుతాయి. కుర్చీ అని రాసిన తరువాత అది ఏ కుర్చీ అన్న ప్రశ్న సాధారణంగా పెద్దలదా, పిల్లలదా అన్నంత వరకే వెళ్లి ఆగిపోతుంది. కళ్లజోడు కావాలి అని రాసి, పవరు ఎంతో రాయని వైద్యుని చీటీ ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

అంగుళం తేడాతో వచ్చే ముప్పు

ఇప్పుడు ఆసుపత్రి వరండాలలో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద కనిపించే మడతకుర్చీకి మూలరూపం 1933 నాటిది. గని ప్రమాదంలో వెన్ను విరిగిన అమెరికన్ ఇంజనీరు హెర్బర్ట్ ఎవరెస్ట్, అతని మిత్రుడు హ్యారీ జెన్నింగ్స్ కలిసి కారులో పట్టేలా గొట్టాలతో మడిచే కుర్చీని తయారుచేశారు. ఒక మనిషి తన అవసరానికి తగినట్లు చేసుకున్న ఆ నమూనా కాలక్రమేణా అందరికీ ఒకటే అన్న సరుకుగా మారడం విచిత్రం. రోగిని ఒక గది నుంచి మరొక గదికి తోసుకుపోవడానికి అది చాలు. దానిలోనే రోజుకు పది పన్నెండు గంటలు కూర్చుని, చదువుకుని, పని చేసుకుని, స్వయంగా చక్రం తిప్పుకోవలసిన మనిషి విషయం వేరు.

కొలతలు పెద్ద రహస్యమేమీ కాదు. టేపు ఉంటే పది నిమిషాల పని. సీటు వెడల్పు తుంటి వెడల్పుకు దాదాపు సమానంగా ఉండాలి. వెడల్పు ఎక్కువైతే మనిషి ఒక పక్కకు ఒరుగుతాడు, వెన్ను వంకర తిరుగుతుంది, చక్రం అందక భుజాలు అరుగుతాయి. సీటు లోతు తొడ పొడవు కన్నా మూడు నుంచి ఆరు సెంటీమీటర్లు తక్కువ ఉండాలి. అంతకు మించితే మోకాలి వెనుక ఒరుసుకొని, మనిషి ముందుకు జారి త్రికాస్థి మీద కూర్చుంటాడు. పాదపీఠం కిందికి ఉంటే కాళ్లు వేలాడతాయి; పైకి ఉంటే బరువంతా పిరుదుల ఎముకల మీదికి చేరుతుంది. వెనుక చక్రపు ఇరుసును కాస్త ముందుకు జరిపితే కుర్చీ తేలికగా కదులుతుంది గాని వెనుకకు తిరగబడే ప్రమాదం ఉన్నది. కాబట్టి వాడేవారి చేతిబలం, అనుభవం చూసి జరపవలసి ఉంటుంది. చౌక కుర్చీలలో ఆ ఇరుసు జరగదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మెత్త. వెన్నుపాము దెబ్బతిన్నవారికి నడుము కింద స్పర్శ ఉండదు. మామూలు మనిషి కూర్చున్న చోట నొప్పి పుట్టి తెలియకుండానే కదులుతాడు. వారికి ఆ నొప్పి తెలియదు. గంటల తరబడి ఒకే చోట ఒత్తిడి పడితే రక్తప్రసారం ఆగి చర్మం కుళ్లుతుంది. ఆ పుండు ఎముక దాకా లోతుకు పోతుంది, నెలల తరబడి మంచానికి కట్టిపడేస్తుంది, క్రిమి రక్తంలోకి చేరితే ప్రాణమే తీస్తుంది. పేద దేశాలలో వెన్నుపాము దెబ్బతిన్నవారి మరణాలకు ఈ ఒత్తిడి పుండ్లు ఒక ప్రధాన కారణమని వైద్యులు ఏనాటి నుంచో చెబుతున్నారు. ఇనుప చట్రానికి బిగించిన రెక్సిను పట్టీ కొన్నాళ్లకు ఊయలలా కుంగిపోయి, రెండు తుంటులనూ లోపలికి నొక్కుతుంది. దాని మీద తగిన మెత్త లేకుండా అటువంటి రోగిని కూర్చోబెట్టడమంటే, సహాయం పేరిట అపాయాన్ని ఇంటికి పంపడమే. కుర్చీకి ఖర్చు చేయడానికి వెనుకాడని ఖజానా, పుండుకు శస్త్రచికిత్స చేసే ఆసుపత్రి ఖర్చును మాత్రం ఈ పద్దులో చూపదు.

లింబాయత్ గల్లీ, కరీంనగర్ బాట

సూరత్‌లోని లింబాయత్, ఉధనా ప్రాంతాల మరమగ్గాల వాడలలో తెలుగు మాట వినబడని వీధి అరుదు. ఉమ్మడి కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి దశాబ్దాల క్రితమే వలస వచ్చిన నేత కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. ఇటువంటి కుటుంబంలో పోలియో సోకినవారో, ప్రమాదంలో నడుము విరిగినవారో ఉంటే వారికి ఏ కుర్చీ కావాలి? ప్రామాణిక మడతకుర్చీ చక్రాలతో కలిపి సుమారు 65 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. కార్మికవాడల అద్దె గదులలో మరుగుదొడ్డి తలుపు చాలాచోట్ల అంతకన్నా ఇరుకు. కుర్చీ గుమ్మం దగ్గర ఆగిపోతే, ఇంట్లోవారు ఎత్తుకుపోవలసిందే. సీటు అతని ఒంటికి సరిపడా తగ్గి ఉంటే కుర్చీ మొత్తం వెడల్పు కూడా ఆ మేరకు తగ్గి, బహుశా గుమ్మం దాటేది. శరీరం కొలత, ఇంటి కొలత రెండూ ఒకే లెక్కలోనివి.

అదే కుటుంబం పండుగకో, పెళ్లికో సొంతవూరు వస్తుంది. అక్కడ మట్టిబాట, వానకు బురద. ముందరి చిన్న చక్రాలు కూరుకుపోతాయి. అటువంటి నేలకు ముందు ఒకే పెద్ద చక్రం, వెనుక రెండు చక్రాలతో పొడవాటి చట్రం ఉన్న కుర్చీ నయం. అయితే అది లింబాయత్ గల్లీలో మలుపు తిరగదు. రెండింటిలో ఏది ముఖ్యమో ఆ మనిషి చెప్పాలి, అడిగేవారుండాలి. వంట నేల మీద చేసుకునే ఇంటికి, భోజనం నేల మీద కూర్చుని చేసే అలవాటుకు తగినట్లు కుర్చీ నుంచి దిగి ఎక్కడం నేర్పేవారూ ఉండాలి. చేతిపట్టీలు తొలగేవి కాకపోతే మంచం మీదికి పక్కగా జరగడం అసాధ్యం. తెలుగు రాష్ట్రాలలో యువకులు మోటారు మూడు చక్రాల బండ్ల కోసమే ఎక్కువగా దరఖాస్తు పెట్టుకుంటారు. వీధికి అది ఉపయోగమే గాని ఇంట్లోకి రాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వెలువరించిన మార్గదర్శకాలు ఈ పని మొత్తాన్ని ఎనిమిది మెట్లుగా విభజించాయి. వాడేవారిని గుర్తించి పిలవడం, పరీక్షించి కొలవడం, తగిన కుర్చీని నిర్ణయించడం, నిధులు సమకూర్చి ఆర్డరు పెట్టడం, కుర్చీని సిద్ధపరచడం, ఒంటికి అమర్చి చూడడం, వాడకం నేర్పడం, తరువాత మరమ్మతులు చూడడం. మన శిబిరాలు మొదటి మెట్టును, నాలుగో మెట్టును శ్రద్ధగా ఎక్కుతాయి. మధ్యలోవి, చివరివి చాలాచోట్ల కాగితం మీదనే. ప్రపంచంలో దాదాపు 8 కోట్ల మందికి చక్రాల కుర్చీ అవసరమని ఆ సంస్థే అంచనా వేసింది. మన 2011 జనగణన ప్రకారం దేశంలో కదలికకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు 54 లక్షలకు పైగా ఉన్నారు. వీరందరికీ కుర్చీ అక్కరలేదు. అక్కరున్నవారిలో ఏ ఇద్దరి అవసరమూ ఒకటి కాదు.

పద్దులో లేని ఖర్చు

ప్రభుత్వ వాదన కూడా వినవలసిందే. తక్కువ ధరకు ఎక్కువ మందికి అందించాలంటే టోకు కొనుగోలు తప్పదని, ఒక్కొక్కరికీ వేరుగా తయారు చేయిస్తే నిధులు చాలవని అధికారుల వైఖరి. ఏడిప్ కింద నెలకు 22,500 రూపాయల లోపు ఆదాయం గలవారికి పూర్తి ధర, 30 వేల లోపు వారికి సగం ధర సాయంగా లభిస్తుంది. ఉపకరణం విలువ సాధారణంగా 15 వేల రూపాయలు దాటరాదు. మరొక వంక 2017 జూలై నుంచి చక్రాల కుర్చీల మీద 5 శాతం జీఎస్టీ అమలులోకి వచ్చింది. నడకకు పన్నా అంటూ వికలాంగుల సంఘాలు ఆందోళన చేశాయి. ముడిసరుకు మీద కట్టిన పన్ను దేశీయ ఉత్పత్తిదారులకు తిరిగి రావాలంటే ఈ రేటు ఉండక తప్పదని ఆర్థిక మంత్రిత్వశాఖ సమర్థించుకున్నది.

అయితే ఒక్కొక్కరికి వేరుగా అన్న మాటకు ప్రతిదీ కొత్తగా పోత పోయాలని అర్థం కాదు. నాలుగైదు సైజుల చట్రాలు, జరిపే ఇరుసు, ఎత్తు మార్చే పాదపీఠం, రెండు మూడు రకాల మెత్తలు ఉంటే అధిక సంఖ్యాకులకు సర్దుబాటు చేయవచ్చును. డేవిడ్ కాన్‌స్టంటైన్ సహ స్థాపకుడుగా 1991లో బ్రిటన్‌లో ఏర్పడిన మోటివేషన్ సంస్థ పేద దేశాలలో ఈ మార్గమే అనుసరించింది. ఆయన కూడా వెన్నుపాము దెబ్బతిని కుర్చీ వాడే వ్యక్తే. మన దేశంలో ఐఐటీ మద్రాసులో ఆచార్య సుజాతా శ్రీనివాసన్ నేతృత్వంలోని పరిశోధన కేంద్రం 2019లో నిలబడగలిగే కుర్చీని వెలువరించింది. అక్కడి నుంచే పుట్టిన నియోమోషన్ సంస్థ 2021లో వాడేవారి కొలతలు తీసుకుని అమర్చే కుర్చీని సుమారు 40 వేల రూపాయల ధరకు విపణిలోకి తెచ్చింది. 2025 జూలైలో అదే కేంద్రం తొమ్మిది కిలోల బరువు గల మరొక కుర్చీని ప్రకటించింది. ఈ విజ్ఞానం దేశంలోనే ఉన్నది. 15 వేల పరిమితికీ 40 వేల ధరకూ మధ్య దూరమే మిగిలింది. ఆ దూరాన్ని కుర్చీ ధరగా చూస్తే భారంగానే కనిపిస్తుంది. కొలిచే నిపుణునికి, అమర్చే మిస్త్రీకి ఇచ్చే వేతనంగా చూస్తే అంత పెద్దది కాదు. ప్రస్తుత పద్దులో ఆ వేతనానికి తగినంత చోటు లేకపోవడమే అసలు చిక్కు.

సూరత్ వంటి నగరానికి ఇందులో ఒక సానుకూలత ఉన్నది. ఇక్కడ గొట్టం వంచేవాడు, వెల్డింగు చేసేవాడు, బేరింగు మార్చేవాడు, రెక్సిను కుట్టేవాడు వీధి వీధికీ దొరుకుతారు. కుర్చీ వెనుక చక్రం సైకిలు చక్రానికి అన్నదమ్ము. పోలియో బారిన పడిన కనుభాయి టేలర్ ఇక్కడ స్థాపించిన వికలాంగుల సంక్షేమ ట్రస్టు వంటి సంస్థలూ ఉన్నాయి. ఆయనకు 2011లో పద్మశ్రీ లభించింది. కొలిచే ఫిజియోథెరపిస్టును, కత్తిరించి అమర్చే మిస్త్రీని ఒక చోట కూర్చోబెట్టి, వారంలో రెండు రోజులు తలుపు తెరిచి ఉంచే కేంద్రం నడపడానికి సభావేదిక అక్కరలేదు.

2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం, అంతకు దాదాపు పదేళ్ల ముందే భారతదేశం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక స్వతంత్రంగా కదిలే హక్కును గుర్తించాయి. ఒడంబడికలోని 20వ అధికరణం, వాడేవారు ఎంచుకున్న రీతిలో, భరించగల ధరకు ఆ సౌకర్యం కలిగించాలని నిర్దేశిస్తున్నది. ఎంచుకునే అవకాశం శిబిరంలో వరుసలో నిలబెట్టిన కుర్చీల మధ్య ఎంత మేరకు ఉంటుందో పాఠకులే ఊహించుకోవచ్చును.

ఏడిప్ నియమాలలో మరొకటి కూడా పరిశీలించదగినది. ఒకసారి ఉపకరణం పొందినవారు అదే అవసరానికి మూడేళ్ల వరకు తిరిగి పొందరాదు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు మాత్రం గడువు ఏడాదే. పన్నెండు నిండి, ఒక్కసారిగా పొడుగు సాగే వయసులో ఉన్న బాలికకు ఎనిమిదో తరగతిలో కుర్చీ ఇచ్చారనుకుంటే, తరువాతి కుర్చీకి ఆమె అర్హురాలయ్యేది పదో తరగతి పరీక్షలు ముగిశాకనే.