కరాచీ చేరని ఓడ

ఉర్దూలో విమానాన్ని నేటికీ హవాయీ జహాజ్ అంటారు. గాలిలో సాగే ఓడ అని అర్థం. ఆ పేరుకు అక్షరాలా తగిన ఓడలు ఒకనాడు నిజంగానే ఉండేవి. వాటిలో హిండెన్‌బర్గ్ పేరు విననివారు అరుదు. 1937లో అమెరికాలోని లేక్‌హర్స్ట్ వద్ద అది దగ్ధమైనప్పుడు 36 మంది మరణించారు. అంతకు ఏడేండ్ల ముందు, మన దేశానికై బయలుదేరి 48 మందిని బలిగొన్న ఆర్-101 మాత్రం మనలో ఎందరికో తెలియదు. విద్యార్థులు తెలుసుకోవలసినది ఈ రెండవ కథయే అని మా అభిప్రాయం.

వలసరాజ్యాలను వాయునౌకలతో కలపాలని బ్రిటిష్ ప్రభుత్వం 1924లో సంకల్పించింది. కరాచీలో ఓడను కట్టివేసే ఎత్తైన స్తంభమూ, బ్రహ్మాండమైన షెడ్డూ వెలిశాయి. 1929 అక్టోబరులో తొలిసారి ఎగిరిన ఆర్-101 అనుకున్నదానికంటె బరువైనదని తేలింది. అందుచేత దానిని మధ్యకు విడదీసి, కొత్త భాగం చేర్చి, పొడవును 777 అడుగులకు పెంచారు. లోపలి హైడ్రోజన్ సంచులు లోహపు చట్రానికి రాసుకొని చిల్లులు పడుతున్నాయనీ, మెత్తలు చుట్టినంత మాత్రాన అది తీరదనీ తనిఖీ అధికారి మెక్‌వేడ్ 1930 జూలైలో వ్రాసి పంపాడు. ఆ ఉత్తరం చేరవలసిన పెద్దల వరకు చేరనే లేదు.

వైమానిక శాఖ మంత్రి లార్డ్ థామ్సన్ మన నాసిక్‌లో పుట్టినవాడు. ఆ ఓడలోనే ఇండియాకు వచ్చి, అక్టోబరులో లండన్‌లో జరిగే సామ్రాజ్య మహాసభకు తిరిగి అందుకోవాలని ఆయన కోరిక. మార్పుల తరువాత జరిగినది ఒకే ఒక్క పరీక్షా ప్రయాణం. అందులోనూ పూర్తి వేగాన్ని పరీక్షించలేదు. 1930 అక్టోబరు 4 సాయంకాలం ఓడ బయలుదేరింది. గాలివానలో చిక్కి, మరునాటి తెల్లవారుజామున ఫ్రాన్సులోని బోవే వద్ద నేలకూలి కాలిపోయింది. 54 మందిలో ఆరుగురే మిగిలారు. మంత్రి మిగలలేదు. రాజకీయ అవసరాలే లేకుంటే ఆ సాయంకాలం అది బయలుదేరి ఉండేది కాదని విచారణ సంఘం తేల్చింది. కెనడాకు క్షేమంగా పోయివచ్చిన ఆర్-100ను సైతం 1931లో ముక్కలు చేశారు. కరాచీ షెడ్డులో ఏనాడూ ఒక్క ఓడ అడుగిడలేదు.

దోషమంతా హైడ్రోజన్‌దే అనేవారున్నారు. మేము ఒప్పుకోము. మన గోపన్‌పల్లిలో ప్రాంగణం గల టాటా మూల పరిశోధనా సంస్థ, నగరానికి ఆవలి కొసన ఉన్న తన కేంద్రం నుండి అర్ధశతాబ్దికి పైగా హైడ్రోజన్ బెలూన్లనే ఎగురవేసింది. నేలమీద గాలి అనుకూలించకపోతే అక్కడ ఎగురవేత ఆగుతుంది. బెలూన్లలో మనుషులు ఉండరు, నిజమే. అయినా ఆగమని చెప్పగలవారికి అక్కడ చోటున్నది. మెక్‌వేడ్‌కు లేనిది అదే.

మన విద్యార్థులలో అనేకులు రేపు చుట్టుపక్కల లేచిన ఈ అద్దాల మేడలలోనే ఉద్యోగాలు చేసి, ఏవో పత్రాలపై సంతకాలు పెట్టవలసినవారు. అతిథిగారి తేదీ ఖరారైనది గనుక పని పూర్తయినదనుకొనే అలవాటు కళాశాలలోనే పట్టుబడుతుంది. వాయిదా వేస్తే పరువు పోతుందన్న మాట మేమూ వింటూనే ఉన్నాము. కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ప్రయోగశాలలో ఏ ఏర్పాటు గురించైనా “ఇంకా సిద్ధం కాలేదు” అని వ్రాసి ఇచ్చే హక్కు విద్యార్థికీ, అక్కడి పరిచారకునికీ ఉండవలెను. ఆ కాగితం మధ్యలో ఎవరి సొరుగులోనూ ఆగక కమిటీ ముందుకు రావలెను. రాబోయే వైజ్ఞానిక ప్రదర్శన నుండే దీనిని ప్రారంభించవచ్చు. ప్రయోగశాల తలుపు దగ్గర ఒక నోటుపుస్తకం, దారంతో కట్టిన ఒక పెన్సిలు చాలు.