పది రూపాయలే కదా అని వేసే పందెం

శివరాత్రి జాగారానికీ, పెళ్లి ముందు రాత్రికీ చుట్టాలు చేరితే మా ఉద్దనపల్లిలో మూడు ముక్కలాట పడకుండా పోదు. పందెం చిన్నదే. హోసూరు నుంచి, బెంగళూరు నుంచి వచ్చిన పిల్లలు కూడా పక్కన కూర్చుని చూస్తుంటారు. వాళ్ళకు మనం ఏం నేర్పుతున్నామన్నదే ఇక్కడి మాట.

మా అభిప్రాయం సూటిగా చెప్తాం. చిన్న పందెంలో డబ్బు పోగొట్టేది ధైర్యంగా పెంచేవాళ్ళు కాదు. ‘ఏమప్పా, పది రూపాయలే కదా’ అని ప్రతిసారీ సరికి సరి వేసేవాళ్ళు. వాళ్ళు పెంచరు, పడేయరు, ఆఖరుదాకా కూర్చుని ఓడిపోతారు. పోకర్ ఆడేవాళ్ళకూ ఇదే జబ్బు. అక్కడా చేయగలిగినవి మూడే పనులు: పెంచడం, సరిపెట్టడం, ముక్కలు పడేయడం.

ముందు లెక్క చూద్దాం. 52 ముక్కల్లో మూడేసి చొప్పున 22,100 రకాలుగా చేతికి రావచ్చు. అందులో 16,440 సార్లు జత కూడా ఉండదు. అంటే నాలుగింట మూడు వంతులు ఉత్త చేతులే. జత వచ్చేది 3,744 సార్లు. ఒకే రంగు 1,096, వరుస 720, ఒకే రంగులో వరుస 48, మూడూ ఒకటే అయ్యేది 52 సార్లు. కాబట్టి జత వచ్చిందంటే మంచి చేయే. కానీ ఎంతమంది మీద?

ఎదుట ఒక్కరే ఉండి, ఆ మనిషి ముక్కలు చూడకుండా బ్లైండు ఆడుతుంటే, వాళ్ళ దగ్గర జతో అంతకంటే మంచిదో ఉండే అవకాశం నాలుగింట ఒక వంతే. అక్కడ మన జతతో సరిపెట్టి ఊరుకోవడం తప్పు, పెంచాలి. ఎదుట ఐదుగురు ఉంటే మాత్రం, అందరూ బ్లైండే అయినా, వాళ్ళలో ఒక్కరికైనా జతో పైదో ఉండే అవకాశం నూటికి 77 దాకా ఉంటుంది. రెండ్ల జత పట్టుకుని అక్కడ ఎగరకూడదు.

ఇక చూసి ఆడేవాళ్ళ సంగతి వేరే. ముక్కలు చూసుకుని, బ్లైండుకు రెట్టింపు వేస్తూ, నాలుగోసారి కూడా తడబడకుండా డబ్బు పెడుతున్న మనిషి దగ్గర ఉత్త చేయి ఉంటుందని అనుకోవడం మన ఆశ, లెక్క కాదు. మన ముక్కలు మారకపోయినా, ఎదుటివాళ్ళు వేసే ప్రతి పందెంతో వాటి విలువ మారుతుంది.

అలాగని సరిపెట్టడం ఎప్పుడూ తప్పేనా? కాదు, దానికో ధర ఉంది. ఇద్దరే మిగిలారు, మధ్యలో 60 రూపాయలుంది, షో అడగాలంటే 20 వేయాలి అనుకోండి. నాలుగు సార్లలో ఒక్కసారి గెలిచినా లెక్క సరిపోతుంది: మూడుసార్లు 20 చొప్పున 60 పోతుంది, ఒకసారి 60 వస్తుంది. అంతకంటే ఎక్కువసార్లు గెలుస్తామనిపిస్తే వేయాలి, లేకుంటే పడేయాలి. ‘ఇప్పటికే ముప్పై వేశాం కదా’ అన్నది ఈ లెక్కలోకి రాదు. కుప్పలో పడిన డబ్బు ఇక మనది కాదు.

మరి ఉత్త చేత్తో పెంచి భయపెట్టడం? పెద్ద పందాల్లో అది పారుతుందేమో. పది రూపాయల ఆటలో ఎవరు బెదురుతారు? ఏముందో చూద్దామని వేసేస్తారు. అందుకే చిన్న ఆటకు సూత్రం చాలా సాదా: మంచి చేయి ఉంటే పెంచు, లేకుంటే పడేయ్, ధర కుదిరితేనే సరిపెట్టు.

రమ్మీ ఆడే ఇళ్ళలో ఇది ఎప్పటినుంచో తెలిసిందే. 101 ఆటలో మొదట్లోనే పడేస్తే 20, మధ్యలో అయితే 40, ఆఖరుదాకా ఉండి దొరికిపోతే 80 దాకా. త్వరగా లేచినవాళ్ళకే తక్కువ నష్టం.

1967లో సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో సుప్రీంకోర్టు, రమ్మీలో నేర్పు ఉందనీ, మూడు ముక్కలాట ఉత్త అదృష్టమనీ తేల్చింది. ముక్కలు పడటం అదృష్టమే, కాదనం. కానీ ఎప్పుడు లేవాలన్నది మన చేతిలో ఉంది. ఆ ఒక్కటి నేర్పకుండా పిల్లల్ని పేక ముందు కూర్చోబెట్టడం మంచిది కాదు.

ఎందుకంటే ‘పది రూపాయలే కదా’ అన్న మాట ఇంటి చాప మీదే ఆగలేదు, ఫోన్లలోకి పోయింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. మా తమిళనాడు 2022లో చట్టం చేస్తే, రమ్మీని, పోకర్‌ని అదృష్టం ఆటల జాబితాలో పెట్టడం చెల్లదని 2023లో మద్రాసు హైకోర్టు చెప్పింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం తెచ్చింది. చట్టం ఆటను మూయగలదు గానీ, పడేయడం చేతకాని అలవాటును మాన్పలేదు. అది ఇంట్లోనే మానాలి.

అందుకని మాలాగా బయటి రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు ఇళ్ళకు మేం చెప్పేది ఇది. పిల్లలు కూర్చునే ఆటలో డబ్బు వద్దు, తలా యాభై చింతగింజలు పంచండి. అయిపోతే మళ్ళీ ఇవ్వొద్దు. ఆట అయ్యాక ఎందుకు పెంచారో, ఎందుకు పడేశారో పెద్దవాళ్ళు తెలుగులో విప్పి చెప్పండి. బడిలో తమిళం, వీధిలో కన్నడం వినే పిల్లలకు ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమను అన్న మాటలు చెవిన పడే చోటు ఇదొక్కటే మిగిలింది. ముక్కలు పడేసిన పిల్లాడిని ‘పిరికోడా’ అని మాత్రం నవ్వొద్దు. రేపు ఎవరూ చూడనిచోట ఫోను పట్టుకుని ఒంటరిగా కూర్చున్నప్పుడు, వాడికి పనికొచ్చేది ఆ పడేయడమే.