ముందు ఒక్క పాఠం

మన కువైట్ పిల్లలకు విమానం ఎర్రబస్సుతో సమానం. వేసవి సెలవులకు ఎక్కడం, కునుకు తీయడం, అమ్మమ్మగారి ఊరు చేరడం!

పదిహేనేళ్ళ మా అమ్మాయి "నేను విమానం నడపడం నేర్చుకుంటా" అంటే "ముందు మెడిసిన్ సీటు సంగతి చూడు" అని కసిరాను. తొందరపడ్డాననిపిస్తోంది.

భారతదేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 18 ఏళ్ళు నిండాలి, 200 గంటలు ఎగరాలి, ఖర్చు లక్షల్లో. అంత దూరం వెళ్ళకముందే పిల్లకు ఆ పనిమీద ఇష్టమా, యూనిఫారం మీద మోజా అన్నది తేలాలి కదా! అమెరికాలో ఒంటరిగా విమానం నడపడానికి 16 ఏళ్ళు నిండాలి గాని, శిక్షకుడి పక్కన కూర్చుని తొలి పాఠం నేర్వడానికి వయోపరిమితి లేదు. కడుపులో తిప్పితే అదీ అప్పుడే తెలిసిపోతుంది.

ఈ సెలవులకు అక్కడున్న మా అన్నయ్య ఇంటికి వెళ్తున్నాం. ఎంట్రెన్స్ కోచింగుకు దాచిన డబ్బులోంచి ఒక పాఠానికి తీశాను. మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.