అర్జునుడు నిద్రకు అనుజ్ఞ ఇచ్చిన రాత్రి

రెండేండ్లకొకమారు మాఘమాసంలో దురాజ్‌పల్లి పెద్దగట్టుపై లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. భక్తులు దర్శనానంతరం గృహోన్ముఖులవుతారు; రక్షకభటులు మాత్రం అహోరాత్రాలు అక్కడే నిలుస్తారు. “అది క్షాత్రధర్మం, సహించవలసిందే” అని మా ఆత్మకూరులో పలువురు అంటారు. ఈ వాదం శాస్త్రసమ్మతం కాదు.

ద్రోణపర్వంలోని రాత్రియుద్ధాన్ని స్మరించండి. ఘటోత్కచవధానంతరం సైనికులు నిద్రాపరవశులై స్వపరభేదం మరచి ప్రహరిస్తుండగా, చంద్రోదయం వరకు రణభూమిలోనే శయనించండని పలికినవాడు అర్జునుడే. కౌరవసేన సైతం అతనిని ఆశీర్వదించి నిద్రించింది. యుద్ధం చేయుమన్న గీతను స్వయంగా విన్నవాడు కదా ఆయన!

2019లో కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ సంస్థలు ప్రకటించిన అధ్యయనం ప్రకారం మన దేశంలో పోలీసులు సగటున దినానికి 14 గంటలు విధినిర్వహణలో ఉంటున్నారు. సుమారు సగం మందికి వారపు సెలవే లేదు. రాత్రిజాగరణం దేహంలో రూక్షతను కలిగిస్తుందని చరకుడు ఏనాడో చెప్పాడు. అన్నమయకోశం శుష్కిస్తుంటే మనోమయకోశం ప్రసన్నంగా ఎట్లుంటుంది? లాఠీ పట్టిన చేతిలోని క్రోధానికి నిద్రలేమి కూడా ఒక కారణమని నా విశ్వాసం. (క్రోధాన్ని సమర్థిస్తున్నానని భావించవద్దు.)

2015 ఏప్రిల్‌లో సూర్యాపేట బస్టాండులో అర్ధరాత్రి తనిఖీ చేస్తూ ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు తూటాలకు బలైనారు. అమరులకు పుష్పాంజలి సముచితమే. జీవించి ఉన్నవారి మాటేమిటి? వచ్చే జాతరలోనైనా గట్టుపై భటులు వంతులవారీగా నిద్రించడానికి ఒక డేరా వేయించమని ఆలయ పెద్దలను అర్థిస్తున్నాను.