రసీదు అడిగారా?

చలికాలం వస్తే పక్షిప్రేమికులు నౌపడ దారి పడతారు. ఉప్పుమడులు దాటి కాస్త వెళ్తే తేలినీలాపురం. చెట్లనిండా పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు. పిల్లలకు చూపిద్దామని మేమూ బయల్దేరాం.

దగ్గర్లోని పట్నంలో ఓ లాడ్జికి ఫోన్ చేశాం. 'వేడినీళ్లు, జనరేటరు అన్నీ ఉన్నాయండీ' అన్నారు. సగం డబ్బు ముందే పంపాం. తీరా వెళ్తే వేడినీళ్ల సంగతి దేవుడెరుగు, చన్నీళ్లకే దిక్కు లేదు. 'మోటారు కాలిపోనాది బాబూ, తెల్లారితే గానీ రావు' అంటూ అక్కడి వాచ్‌మన్ తాతే చేతిపంపు నుంచి రెండు బకెట్లు మోసుకొచ్చాడు. ఆ నీళ్లతోనే అమ్మా, పిల్లలూ సర్దుకున్నారు.

పొద్దున్నే యజమానిని నిలదీస్తే 'గది ఇచ్చాం కదా' అన్నాడు. మా చేతిలో రసీదు లేదు. అడగనే లేదు మరి!

ఆ పొరపాటు మీరు చేయకండి. డబ్బు తీసుకుని, చెప్పిన సౌకర్యం ఇవ్వకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అది సేవాలోపమే. ఫిర్యాదు కోసం మళ్లీ ఆ ఊరు వెళ్లనక్కర్లేదు. మీరుండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోగా వేయొచ్చు. ముందుగా జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి. ఎక్కడికెళ్లినా రసీదు, డబ్బు పంపిన వివరం, గది ఫొటో దగ్గరుంటేనే మీ మాటకు బలం.

అన్నట్టు, వచ్చేటప్పుడు తాత చేతిలో యాభై రూపాయలు పెట్టబోతే తీసుకోలేదు.

'నీళ్లకి డబ్బులేటి బాబూ!' అన్నాడు.