హార్డ్‌డిస్క్ టిక్.. టిక్.. మంటోందా? ముందు డేటా సంగతి చూడండి!

ల్యాప్‌టాప్ ఆన్ చేసి, వెళ్లి టీ తాగొచ్చినా ఇంకా డెస్క్‌టాప్ రాలేదా? ఫోల్డర్ మీద క్లిక్ చేస్తే గుండ్రం తిరుగుతూనే ఉందా? ఫ్రెండ్‌ని అడిగితే ‘వైరస్ అయ్యుంటుంది, ఫార్మాట్ కొట్టెయ్’ అంటాడు. ఒక్క నిమిషం ఆగండి. తప్పు హార్డ్‌డిస్క్‌ది అయితే ఆ ఫార్మాట్‌తో ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్, అక్క పెళ్లి ఫొటోలు అన్నీ గల్లంతే! కొత్త డిస్క్ ఏ షాపులోనైనా దొరుకుతుంది. అవి మాత్రం దొరకవు.

లోపల ఏం జరుగుతుంది?

హార్డ్‌డిస్క్‌లో అద్దంలా మెరిసే పళ్లేలు ఉంటాయి. ల్యాప్‌టాప్‌లలో ఇవి ఎక్కువగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతాయి. డేటాని చదివే ‘హెడ్’ వాటిని తాకకుండా, కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటుంది. మన వెంట్రుక మందం దానికి వేల రెట్లు ఎక్కువ. అందుకే ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌ కింద పడితే, హెడ్ వెళ్లి పళ్లేన్ని గీకేసే ప్రమాదం ఉంది.

ఇవీ సంకేతాలు

* మెల్లగా గుయ్‌మనడం మామూలే. కానీ ఒకే లయలో ‘టిక్.. టిక్..’మన్నా, గరగరమన్నా ప్రమాదమే. హెడ్ తన దారి దొరక్క మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందని అర్థం.
* ఫైల్ కాపీ కొంతదూరం వెళ్లి ఆగిపోవడం. మొన్న తెరుచుకున్న ఫొటో ఇవాళ ‘కరప్ట్’ అనడం.
* తరచూ బ్లూ స్క్రీన్ రావడం, ఆన్ చేసిన ప్రతిసారీ డిస్క్ చెక్ మొదలవ్వడం, అసలు డిస్కే కనిపించట్లేదని మెసేజ్ రావడం.

ఒక్క స్లోనెస్ చూసి కంగారు పడొద్దు. ర్యామ్ చాలకపోయినా, డిస్క్ నిండిపోయినా సిస్టమ్ నెమ్మదిస్తుంది.

డిస్క్‌నే అడగండి

ప్రతి డిస్క్ తన ఆరోగ్యం లెక్క తనే రాసుకుంటుంది. దాని పేరు ‘స్మార్ట్’. విండోస్‌లో ‘క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్ని చూపిస్తుంది. నీలం రంగు ఉంటే బాగున్నట్టు, పసుపు ఉంటే జాగ్రత్త పడాలి, ఎరుపు వచ్చిందంటే డిస్క్ రోజులు లెక్కపెడుతున్నట్టే. హార్డ్‌డిస్క్‌లో 05, సీ5, సీ6 అనే మూడు వరుసలు చూడండి. పాడైన, చదవలేకపోతున్న సెక్టార్ల లెక్క అక్కడే ఉంటుంది. సున్నా ఉంటే హాయి. వారం వారం పెరుగుతుంటే డిస్క్ మార్చాల్సిందే. సీ7 ఒక్కటే పెరుగుతుంటే మాత్రం తప్పు కేబుల్‌ది కావొచ్చు. ఒక మాట.. నీలం రంగు గ్యారంటీ కార్డేం కాదు. ముందస్తు హెచ్చరిక లేకుండా పోయే డిస్కులూ ఉంటాయి.

ఇప్పుడేం చేయాలి?

శబ్దం వస్తుంటే వెంటనే ఆఫ్ చేయండి. నడిపేకొద్దీ నష్టం పెరుగుతుంది. డేటా నిజంగా విలువైనదైతే నేరుగా డేటా రికవరీ సెంటర్‌కే తీసుకెళ్లండి. ఖర్చు ఎక్కువే, ముందే ఎంతవుతుందో అడగండి.

శబ్దం లేకుండా ఇంకా పని చేస్తుంటే కాపీ మొదలుపెట్టండి. ముందు మళ్లీ దొరకనివి.. ప్రాజెక్టులు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, ఫొటోలు. సినిమాలు, గేమ్‌లు చివర్లో చూసుకోవచ్చు. ఎక్స్‌టర్నల్ డిస్క్ లేకపోతే గూగుల్ ఖాతాతో వచ్చే 15 జీబీలో ముఖ్యమైనవైనా పెట్టండి. ఒక ఫైల్ దగ్గర ఆగిపోతే దాన్ని వదిలేసి ముందుకెళ్లండి.

ఇవి మాత్రం వద్దు

* కాపీ పూర్తికాకుండా డీఫ్రాగ్, చెక్‌డిస్క్, ఫార్మాట్ చేయొద్దు. అసలే నీరసంగా ఉన్న డిస్క్‌ని పరుగెత్తించినట్టే!
* రికవరీ సాఫ్ట్‌వేర్‌ని అదే డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేస్తే పోయిన ఫైళ్లమీదే రాసేస్తుంది.
* ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందన్న వీడియోలు నమ్మొద్దు. లోపల తేమ చేరుతుంది. మూత విప్పితే దుమ్ము ధూళి చేరుతుంది.

షాపుకెళ్లే ముందు

‘ముందు డేటా, తర్వాతే విండోస్’ అని గట్టిగా చెప్పండి. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కి తాళం పడి ఉంటుంది. దాని రికవరీ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, వెతికి రాసిపెట్టుకోండి. అది లేకపోతే డిస్క్ బయటికి తీసినా ఫైళ్లు తెరుచుకోవు. వారంటీ ఉందా? మంచిదే. కానీ కంపెనీ ఇచ్చేది కొత్త డిస్క్, మీ ఫొటోలు కాదు.

కొత్తది కొంటే ఎస్‌ఎస్‌డీ తీసుకోండి. తిరిగే భాగాలు ఉండవు, వేగం కూడా ఎక్కువ. అయితే అదీ పోతుంది.. అదీ చప్పుడు చేయకుండా!

అన్నట్టు, స్టోరేజ్ నిండిందని ఫోన్‌లోని ఫొటోలన్నీ ల్యాప్‌టాప్‌లోకి మార్చి, ఫోన్‌లో డిలీట్ చేశారా? అది బ్యాకప్ కాదు. ఉన్న ఒక్క కాపీనే ఇల్లు మారింది. మూడు కాపీలు, రెండు వేర్వేరు పరికరాల్లో, ఒకటి ఇంటి బయట (క్లౌడ్ అయినా సరే) ఉంటేనే బ్యాకప్. కాపీ చేశాక రెండు ఫైళ్లు తెరిచి చూడటం మర్చిపోకండి.