మా ఇంటి నంగా సవార్

మా నానీమా ఆ పతకాన్ని ‘నంగా సవార్’ అనేది. పాత దుపట్టా ముక్కలో మూటగట్టి పాన్‌దాన్ అడుగున దాచేది. పిల్లలం అడిగితే ‘బేషరమ్ తస్వీర్ హై, నక్కో దేఖో’ అని కసిరేది. ఆమె అన్నది అబద్ధం కాదు. ఒకవైపు బ్రిటిష్ బాద్‌షా ఐదో జార్జి తల. రెండోవైపు గుర్రం మీద ఒంటిపై నూలుపోగు లేని మగమనిషి. గుర్రం కాళ్ళ కింద గద్ద బొమ్మ ఉన్న డాలు, ఒక పుర్రె, ఎముకలు. పక్కన 1914, 1918 అని అంకెలు. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన సిపాయిలకి బ్రిటిష్‌వాళ్ళు ఇచ్చిన వెండి పతకం అది. వెండి కాబట్టి ఇలాంటివి ఎన్ని సరాఫ్ దుకాణాల్లో కరిగి కడియాలయ్యాయో అల్లాకే తెలుసు. మాది మిగలడానికి ఒకటే కారణం. బట్టల్లేని మగాడి బొమ్మని తీసుకెళ్ళి సేఠు ముందు ఎట్లా పెట్టాలో నానీమాకి అర్థం కాలేదు.

పతకం నానీమా ససుర్‌ది. అంటే మా అమ్మకి దాదా, నాకు పర్‌నానా. దేవరకొండ వైపు పల్లె. ‘అబ్బాజాన్ మిసర్ కు జాకో ఆయే’ అనేది నానీమా. మిస్ర్ అంటే ఈజిప్టు. ఊళ్ళో కొందరు మిస్ర్‌కీ మక్కాకీ తేడా తెలియక ఆయన్ని హాజీసాబ్ అని పిలిచేవాళ్ళట. ఆయన తల అడ్డంగా ఊపి ఊరుకునేవాడట.

ఇంతే మా దగ్గరున్న ఖబర్. పోయిన ఈద్‌కి మహబూబ్‌నగర్‌లో అందరం కలిసినప్పుడు అసలు లొల్లి మొదలైంది. మా ఖాలా కొడుకు పతకం ఫోటో, ఢిల్లీ తీన్‌మూర్తి ఫోటో పక్కపక్కన పెట్టి ఖాందాన్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు. ‘మా ముత్తాత వాలంటీర్ సవార్, హైఫా వీరుడు, దేశభక్తుడు.’ తెలుగు చదవడం రాని ముసలి ఆడవాళ్ళ కోసం మా పెద్ద మామూ దాన్ని ఉర్దూలోకి మార్చి గట్టిగా చదివాడు. ‘రజాకార్ సవార్...’ అనేసరికి గదిలో సన్నాటా. సేమ్యా గిన్నెలో స్పూన్ చప్పుడు కూడా ఆగిపోయింది. ‘ఆ మాట తీసెయ్ బేటా’ అంది ఒక ముసలామె మెల్లగా.

మామూ తప్పేం చదవలేదు. రజా అంటే మనసొప్పుకోలు, కార్ అంటే పని. తనంతట తాను ముందుకొచ్చేవాడు రజాకార్. వాలంటీర్‌కి ఉర్దూలో అంతకంటే సరైన మాట లేదు. కానీ నల్లగొండలో ఆ మాటని డిక్షనరీ నుంచి ఎవడూ నేర్చుకోలేదు. ఖాసిం రజ్వీ మనుషులు ఊళ్ళ మీద పడి చేసిన జులుమ్ నుంచి నేర్చుకున్నారు. ఆ జులుమ్‌ని నేను కడగను, కడగడానికి నాకు హక్కూ లేదు. బంగ్లాదేశ్‌లో 1971 తర్వాత అదే మాట అదే తిట్టయింది. ఒక భాషలోని మంచి మాటని రెండు దేశాల్లో రెండుసార్లు చంపారు.

నా షికాయత్ ఇంకొకటి. 1914లో గుర్రమెక్కిన మనిషికీ 1948లో కత్తి పట్టిన మనిషికీ మధ్య ముప్ఫై నాలుగేళ్ళున్నాయి. నిజాం యూనిఫాం వేసుకున్న ముసల్మాన్ అనగానే ఆ ముప్ఫై నాలుగేళ్ళూ మాయమైపోతాయి. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోనే 1940లో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో నేలకొరిగిన రైతు షేక్ బందగీ ముసల్మానే. రజాకార్లకి వ్యతిరేకంగా రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాద్ నడిబజార్లో ప్రాణం పోగొట్టుకున్న ‘ఇమ్రోజ్’ ఎడిటర్ షోయబుల్లా ఖాన్ ముసల్మానే. వాళ్ళ పేర్లు సభల్లో చెబుతాం, చప్పట్లు కొడతాం. ఇంట్లో ట్రంకుపెట్టె తెరిచేటప్పుడు మాత్రం తలుపు గొళ్ళెం పెడతాం.

మా పర్‌నానా ఫోటో ఒకటి ఉండేదట. సాఫా చుట్టుకుని, బల్లెం పట్టుకుని. పోలీస్ యాక్షన్ రోజుల్లో నానీమా చేతుల మీదుగానే అది పొయ్యిలోకి పోయింది. ఫోటోలో ఏ సంవత్సరమో ఎవడు చూస్తాడు? యూనిఫాం చూస్తాడు, గడ్డం చూస్తాడు. ఆ రోజుల్లో ఏం జరిగిందో చూసి రమ్మని ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాసింది. ఆ రిపోర్టు జనం చేతికి రావడానికి 2013 దాకా పట్టింది. ఒక్క ఫోటో కాల్చినందుకు నానీమాని ఏమనను?

మా తమ్ముడి మెసేజ్ వెనకున్నదీ ఆ భయమే, కాకపోతే ఉల్టా చేసి కుట్టింది. అప్పుడు షక్ రాకుండా ఫోటో కాల్చారు. ఇప్పుడు షక్ పోవడానికి సనద్ చూపిస్తున్నారు. చూడండి, మేమూ వతన్ కోసం నెత్తురు ధారపోశాం అని. ఆ సనద్ నాకు అక్కర్లేదు. అది అబద్ధం మీద నిలబడి ఉంటే అసలే అక్కర్లేదు.

హైఫా సంగతి చెబుతాను. మన నిజాం సర్కార్ లాన్సర్లు 1914 చివర్లో ఈజిప్టు చేరారు. మైసూరు, పటియాలా రిసాలాలతో కలిపి వాళ్ళని ఒక బ్రిగేడ్ చేశారు. పని సూయజ్ కాలువ కాపలా. 1915 ఫిబ్రవరిలో తుర్కీ ఫౌజు కాలువ మీదికొచ్చింది, వెనక్కి పోయింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇసుక, ఈగలు, గుర్రాలకి నీళ్ళు. తర్వాత పాలస్తీనా. 1918 సెప్టెంబర్ 23న హైఫా మీద బల్లేలతో దూకింది జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు. మేజర్ దల్‌పత్ సింగ్ అక్కడే పోయాడు. మన హైదరాబాద్‌వాళ్ళు ఆ రోజు ఆ దాడిలో లేరు, బందీలని వెనక్కి నడిపించే డ్యూటీలో ఉన్నారు. ఢిల్లీలో మూడు విగ్రహాల్లో ఒకటి మనదే, ఆ బ్రిగేడ్‌లో మనవాళ్ళూ పనిచేశారు కాబట్టి. 2018 జనవరిలో ఇజ్రాయిల్ ప్రధాని వచ్చినప్పుడు ఆ చౌరస్తా పేరుకి హైఫా తగిలించారు. అప్పటి నుంచి వాట్సాప్‌లో ప్రతి సవారూ హైఫాలోనే ఉన్నాడు.

బందీలని నడిపించడం నాకు నామోషీగా అనిపించదు. దాహంతో ఉన్న తుర్కీ సిపాయిలు, వాళ్ళ పక్కన గుర్రం మీద దేవరకొండ ముసల్మాన్. అస్సలామలైకుం అన్నాడా? వాళ్ళు వాలైకుం అన్నారా? నేను తెలుసుకోవాలనుకునేది అది. ఎందుకంటే ఎదుటివాళ్ళ సుల్తాన్ ఖలీఫా. 1914 నవంబర్‌లో ఆ ఖలీఫా తరఫున జిహాద్ ఎలాన్ అయితే, మన నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిష్‌వాళ్ళ వైపే ఉండమని ముసల్మాన్లకి ఫర్మానా ఇచ్చాడు. దానికి బదులుగా పెద్ద పెద్ద ఖితాబులొచ్చాయి. తమాషా ఏంటంటే, 1931లో అదే నిజాం ఆఖరి ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్‌ని పెద్ద కొడుక్కి చేసుకుని వియ్యమందుకున్నాడు. మహల్లో సులహ్ అట్లా అయిపోయింది. సవార్ మనసులో ఏమైందో ఎవడడిగాడు?

కాబట్టి ఆయన వాలంటీరా అంటే, బలవంతపు భర్తీ కాదన్న మేరకు అవును. కరువు జిల్లాలో గుర్రం తోలడం వచ్చిన కుర్రాడికి జీతం, బట్ట, భోజనం దొరికే నోకరీ అది. ఖలీఫా మీదికి పోతానని ఆయన చెయ్యెత్తలేదు. పాలమూరు నుంచి పలుగూ పారా పట్టుకుని దేశమంతా కాలువలు తవ్వడానికి పోయేవాళ్ళని ఎవరైనా వాలంటీర్లంటారా?

ఈ పతకం ధైర్యానికి ఇచ్చింది కూడా కాదు, హాజరుకి ఇచ్చింది. సిపాయిలకి వెండిది, మన దేశం నుంచీ చైనా నుంచీ పోయిన కూలీ దళాలకి కంచుది. మీ ఇంట్లో ఉంటే చింతపండు పెట్టి తోమకండి. అంచు మీద భూతద్దం పెట్టి చూడండి. సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో నంబరు, హోదా, పేరు, రిసాలా పేరు ఉంటాయి. మా వైపు పేర్లన్నీ మహబూబ్, ఖాజా, ఇమామ్, దస్తగిర్‌లే, పేరుతో మనిషి దొరకడు. నంబరే దారి. రిసాలా పేరు కూడా జాగ్రత్తగా చూడండి. డెక్కన్ హార్స్ వేరు, అది బ్రిటిష్ ఫౌజు. 1916 జులైలో ఫ్రాన్స్‌లో హైవుడ్ దగ్గర గుర్రాలతో దూకింది వాళ్ళు. నిజాం లాన్సర్లు వేరు. మాసబ్‌ట్యాంక్ దగ్గర ఫస్ట్ లాన్సర్ అని రోజూ ఆటో ఎక్కి దిగుతామే, ఆ పేరులో మిగిలింది వాళ్ళే.

ఒక విచిత్రం చెప్పాలి. మా పర్‌నానా అక్కడే చనిపోయుంటే ఇప్పటికి దొరికిపోయేవాడు. ఈజిప్టు, పాలస్తీనాల్లో పోయి, సమాధి కూడా దక్కని హిందుస్తానీ సిపాయిల పేర్లతో 1926లో సూయజ్ దగ్గర పోర్ట్ తౌఫీక్‌లో ఒక స్మారకం కట్టారు. తర్వాతి యుద్ధాల్లో అది ధ్వంసమైతే 1980లో కైరో హీలియోపొలిస్‌లో ఆ పేర్ల కోసం కొత్తది పెట్టారు. ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో వెతుక్కోవచ్చు. బతికి వచ్చి, నాగలి పట్టుకుని, ముసలాడై, ఊళ్ళోనే మట్టిలో కలిసినవాడికి అట్లాంటి రాతిపలక ఏదీ లేదు.

ఉన్నదల్లా సర్కారీ కాగితం. అది ఉర్దూలో, అందులోనూ గొలుసుకట్టు షికస్తాలో ఉంటుంది. నేను నల్లగొండలో తెలుగు మీడియం. ఖురాన్ చదవడానికి అరబ్బీ అక్షరాలు నేర్చుకున్నాను, దుకాణం బోర్డులు చదువుతాను. షికస్తా ముందు కూర్చుంటే చీమలబారు చూసినట్టు ఉంటుంది. మా తాత నోకరీ రాసిన భాష నాకు రాదు. నేను రాసే భాష మా నానీమాకి రాదు. మా తమ్ముడు పిల్లలకి రెండూ రావు.

తమ్ముడు మెసేజ్ మార్చాడు. హైఫా తీసేశాడు, వీరుడు తీసేశాడు. ‘వాలంటీర్’ దగ్గర మాత్రం పేచీ పెట్టాడు, చివరికి ‘సవార్’ అని ఒక్క మాట ఉంచాడు. నేను నంబరు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను. వచ్చే సోమవారం తార్నాక ఆర్కైవ్స్‌కి పోతున్నాను. షికస్తా చదవగల రిటైర్డు మున్షీ ఒకాయన వస్తానన్నాడు, మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేడు, చెయ్యి పట్టుకోవాలి.